బీరువాలో దాచిన కుంకుమపువ్వు

హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 38. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు. భర్త ప్రభుత్వోద్యోగి. ఇద్దరు పిల్లలు, అత్తగారు కలిసే ఉంటారు. ఈ దీపావళికి ఆమెకు 40,000 రూపాయల బోనసు వస్తోంది. పదకొండేళ్ల ఉద్యోగంలో పండగ పేరుతో ఇంత మొత్తం చేతికి రావడం ఇదే మొదటిసారి.

నిరుడు దీపావళికి ఆమె ఫోన్లో ప్రకటన చూసి పూతరేకులు తెప్పించారు. పెట్టెకు పది చొప్పున 20 పెట్టెలు, 6,000 రూపాయలు. సగం పొడిపొడిగా వచ్చాయి. మిగతావి పాత నూనె కంపు కొట్టాయి. ఆఫీసులో ఒకామె పెట్టె తెరిచి "ఇవి ఇలాగే ఉంటాయా?" అని అడిగిందట. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోందంటున్నారు. భర్త ఏ ఖర్చు మాట వచ్చినా "ఆ ఆరు వేలు" అని గుర్తు చేస్తారు.

ఈసారి ఆమె పట్టీలో ఉన్నవి: మంచి పూతరేకులు, వెండి రేకు అద్దిన జీడిపప్పు మిఠాయి, పెద్ద సైజు జీడిపప్పు, పిస్తా, తనకోసం ఒక ఉప్పాడ జాందానీ చీర. భర్త మాత్రం "మొత్తం చిట్టీలో వేద్దాం, పండక్కి ఇంట్లో లడ్డూలు చాలు" అంటున్నారు. అత్తగారిది మరో మాట: "షుగరు మనిషి ఉన్న ఇంట్లో ఇన్ని తీపులెందుకమ్మా?" ఈలోగా పాఠకురాలు పోయిన నెల ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో 10 గ్రాముల కుంకుమపువ్వు 1,800కి కొని, ఎవరికీ చెప్పకుండా బీరువాలో చీరల కింద పెట్టారు. "నా డబ్బుతో నేను కొన్నదే. అయినా దొంగిలించి తెచ్చినట్టుంది" అని రాశారు.

ఉత్తరం చివర్లో ఇంకో రెండు వాక్యాలున్నాయి. "మా అమ్మ జీడిపప్పు ఇంటికి వచ్చినవాళ్లకే వేసేది. ఆవిడ పోయాక అటక మీద డబ్బాలో పురుగు పట్టిన జీడిపప్పు అరకిలో దొరికింది." ఆ తర్వాత ప్రశ్నలు: ఇలా ఖర్చు పెట్టాలనుకోవడం తప్పా? పెడితే మళ్లీ మోసపోకుండా ఎలా? కుంకుమపువ్వు సంగతి ఆయనకు చెప్పాలా?

సమాధానం

ముందు ఆ కుంకుమపువ్వు బయటికి తీయండి. తప్పా ఒప్పా అన్నది తర్వాత చూద్దాం. అది అసలుదో కాదో తేలితే సగం చిక్కు విడిపోతుంది.

తెల్లటి కప్పులో గోరువెచ్చని నీళ్లు పోసి నాలుగైదు పోగులు వేయండి. అసలుదైతే రంగు మెల్లగా, పది పదిహేను నిమిషాల పాటు దిగుతూ ఉంటుంది. నీళ్లు తేనెరంగులోకి, పసుప్పచ్చగా మారతాయి. పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. ఒక కొస సన్నాయి మూతిలా విచ్చుకుని కనిపిస్తుంది. వేసిన నిమిషంలోనే నీళ్లు ఎర్రబడి పోగు తెల్లబోయిందంటే అది రంగు పూసిన కుసుమ రేకో, మొక్కజొన్న పీచో. ఒక పోగు నాలుక మీద పెట్టుకోండి. కొద్దిగా చేదుగా ఉండాలి. తియ్యగా తగిలితే బరువు కోసం పాకమో మరేదో పట్టించారన్న మాట. తడిపి వేళ్ల మధ్య నలిపితే పసుపు మరక పడాలి.

మీరు ఇచ్చిన ధర గ్రాముకు 180. కాశ్మీరు మోంగ్రా (ఎర్రటి కొసలు మాత్రమే ఉండే మేలు రకం) ఆ ధరకు చిల్లరగా దొరుకుతుందంటే అనుమానించాల్సిందే. ఒక గ్రాముకు దాదాపు 150 పూలు కావాలి. పువ్వుకు మూడే పోగులు, అవి కూడా చేత్తో తుంచాల్సినవే. ఇరాన్ నుంచి వచ్చేది అంతకంటే చవక. అది నకిలీ కాదు, వంటకు బాగానే పనికొస్తుంది. కాకపోతే కాశ్మీరుదని చెప్పి అమ్మకూడదు. కాశ్మీరు కుంకుమపువ్వుకు 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చింది. డబ్బా మీద ఆ గుర్తు లేకుండా నోటిమాటగా "పాంపోర్ సరుకు" (పాంపోర్ కాశ్మీరులో కుంకుమపువ్వు పండే ఊరు) అంటే ఒప్పుకోకండి.

పరీక్షలో తప్పితే పారేయండి. పాయసంలో వేస్తే ఏం రంగు తింటున్నామో తెలియదు. 1,800 పోయినందుకు బాధ ఉంటుంది, నిజమే. పరీక్షలో నిలిస్తే అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది: 10 గ్రాములు మీ ఇంటికి చాలా ఎక్కువ. లీటరు పాలతో చేసిన పాయసానికి 15 నుంచి 20 పోగులు సరిపోతాయి. గ్రాములో 450 దాకా పోగులుంటాయి. అంటే ఒక్క గ్రాము ఇరవైసార్లకు పైగా వస్తుంది. 10 గ్రాములంటే నెలకోసారి వండినా పదిహేనేళ్లు దాటుతుంది. వాసన మాత్రం రెండేళ్లు దాటితే తగ్గిపోతూ వస్తుంది.

ఇది మీ తప్పు అని చెప్పడం లేదు. దాచి కొనేటప్పుడు ఇలాగే అవుతుంది. మళ్లీ ఎప్పుడు కొనగలమో అన్న బెంగతో అవసరానికి మించి తీసుకుంటాం. పక్కన ఎవరైనా ఉండి ఉంటే "ఒక్క గ్రాము చాలదా?" అని అడిగేవారు. ఆయనకు చెప్పాలా అన్న మీ ప్రశ్నకు ఇందులోనే కొంత జవాబుంది. చెప్పకపోతే మీరు దాన్ని వాడలేరు. వండిన రోజే వాసన బయటపెడుతుంది. చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కప్పులో పరీక్ష ఆయన ముందే చేయడం. లెక్కల మనిషి కాబట్టి గ్రాముకెంత, ఎన్ని పోగులు అన్నది ఆయనకు మాట్లాడదగ్గ విషయం అవుతుంది. నకిలీ అని తేలితే మాత్రం "ఆ ఆరు వేలు" పక్కన "ఆ పద్దెనిమిది వందలు" కూడా చేరే ప్రమాదం ఉంది. రెండోది, ముందు మీరొక్కరే పరీక్ష చేసుకుని, ఫలితం చేతిలో పెట్టుకుని చెప్పడం. మీ ఉత్తరం చదివాక మాకు రెండోదే కాస్త సులువనిపిస్తోంది. అసలుదే అయితే రెండు గ్రాములు ఇంటికి ఉంచుకుని, మిగిలింది గ్రాము చొప్పున చిన్న గాజు సీసాల్లో దగ్గరివాళ్లకు ఇవ్వండి. ఏ అరకిలో మిఠాయి పెట్టె కన్నా అది మంచి కానుక.

వాడేటప్పుడు ఒక జాగ్రత్త. పోగుల్ని చిటికెడు పంచదారతో నూరి, రెండు మూడు చెంచాల గోరువెచ్చని పాలలో అరగంట నాననిచ్చి, దించే ముందు కలపండి. మరిగే పాలలో మొదటే వేస్తే వాసన ఆవిరితో పోతుంది. బెల్లం పరమాన్నంలో అసలు వేయకండి. బెల్లం ముందు అది నోరెత్తలేదు.

ఇక నిరుటి పూతరేకులు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. దాంతో ఆ పేరు వేసుకుని అమ్మేవాళ్లు కూడా పెరిగారు. మీకు జరిగినదాంట్లో రెండు వేర్వేరు లోపాలు కనిపిస్తున్నాయి. విరగడం ఒకటి, కంపు మరొకటి. వీటికి కారణాలు వేరు.

బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన బట్టతో ఒక్క లాగు లాగితే వచ్చేది రేకు. కాగితం కన్నా పలుచన. దానికి బరువు పడదు. 20 పెట్టెల్ని ఒకే పెద్ద అట్టపెట్టెలో పేర్చి బస్సు పార్సిల్లో వేస్తే అడుగు వరుసలు నలిగి పొడవుతాయి. నాలుగైదు పెట్టెలకు ఒక అట్టపెట్టె, మధ్యలో ఖాళీ లేకుండా కాగితం కుక్కి పంపమంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. రవాణా ఖర్చు మాత్రం పెరుగుతుంది.

కంపు నెయ్యిది. అది నెయ్యి కాక వనస్పతి కలిపినదైనా అయి ఉండాలి, లేదా ఎప్పుడో చుట్టి పెట్టినవి పండగ గిరాకీకి పంపి ఉండాలి. పంచదారవి రెండు వారాలు ఆగుతాయి. బెల్లంవి వారం పది రోజుల్లో తినెయ్యాలి, బెల్లం తేమ పీలుస్తుంది. పైగా దీపావళి రోజులు కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానల కాలం. గాలిలో తడి ఉంటే రేకు మెత్తబడి అతుక్కుంటుంది. కాబట్టి ఆర్డరు పెట్టేముందు అడగాల్సింది ధర ఒక్కటే కాదు. ఏ రోజు చుట్టినవి పంపుతారు? పంచదారా, బెల్లమా? పెట్టె మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటుందా? ముందు ఒక్క పెట్టె తెప్పించుకుని రుచి చూడండి. నిరుడు మీరు చేయనిది ఇదే. ఎరగని అమ్మకందారుకు ఒకేసారి 20 పెట్టెల పని అప్పజెప్పారు.

నెయ్యి మంచిదో కాదో ఇంట్లో తేల్చే పరీక్షలు చాలా ప్రచారంలో ఉన్నాయి. అరచేతిలో కరగడం, ఫ్రిజ్‌లో పొరలుగా పేరుకోవడం లాంటివి. వాటిని నమ్మకండి. అయోడిన్ చుక్క వేస్తే నీలం తిరగడం పిండి కలిపారని మాత్రమే చెబుతుంది. వేరే కొవ్వు కలిపితే ప్రయోగశాల తప్ప దారి లేదు.

అందుకే ఇంకో మార్గం చెబుతున్నాం. ఒట్టి రేకులు విడిగా కూడా అమ్ముతారు. వాటిని తెప్పించుకుని నెయ్యి, పంచదార మీరే పట్టించి చుట్టుకోవచ్చు. ఒట్టి రేకులో పాడయ్యేందుకు నెయ్యి ఉండదు, దారిలో కొన్ని విరిగినా రెండో వరుసగా లోపల సర్దేయవచ్చు.

20 పూతరేకులకు లెక్క ఇది. రేకులు 40, విరిగేవాటికి ఇంకో 10. నెయ్యి 200 గ్రాములు. పంచదార 400 గ్రాములు, ఆరేడు ఏలకులు వేసి మెత్తగా పొడి చేసి జల్లించాలి, పలుకులుంటే రేకు చిరుగుతుంది. సన్నగా తరిగిన జీడిపప్పు, బాదం, పిస్తా కలిపి 150 గ్రాములు. నూలు బట్టను తడిపి గట్టిగా పిండి, పళ్లెం మీద పరవండి. రేకును దానిమీద కొన్ని క్షణాలు ఉంచితే పెళుసుతనం పోయి వంగుతుంది. అంతే, వెంటనే తీసేయాలి. బట్టలో నీళ్లు ఎక్కువైతే రేకు చిల్లులు పడి ముద్దవుతుంది. మొదటి రెండు మూడు పాడవుతాయి, కంగారు పడకండి. మెత్తబడిన రేకు మీద మరో రేకు వేసి, గోరువెచ్చగా కరిగిన నెయ్యి రెండు చిన్న చెంచాలు పూసి (పేరుకున్న నెయ్యి రాయబోతే చిరుగుతుంది), పంచదార పొడి చల్లి, పప్పులు వేసి, రెండు పక్కలా లోపలికి మడిచి చుట్టేయండి. స్టీలు డబ్బాలో, తడి చేతులు తగలకుండా. ఫ్రిజ్‌లో వద్దు.

ఈ పనికి ఇంట్లో ఒక నిపుణురాలు ఉన్నారు, మీరు గమనించారో లేదో. అత్తగారు "ఇన్ని తీపులెందుకు" అన్నది డబ్బు గురించి కాదని మాకనిపిస్తోంది. పండగ అంతా తాను తినలేనివాటి చుట్టూ తిరుగుతుంటే ఆమె ఒక మూల కూర్చుని చూడాలి. ఆ బాధ నేరుగా చెప్పుకోలేక ఖర్చు మాట ఎత్తి ఉండవచ్చు. కిలో వెన్న తెచ్చి ఆమె చేతికివ్వండి. అందులో దాదాపు 800 గ్రాముల నెయ్యి వస్తుంది. సన్నటి మంట మీద నురగ తగ్గి, అడుగున మడ్డి ఎర్రబడే వేళకి తమలపాకో కరివేపాకో వేసి దించడం ఆమెకు మనం చెప్పక్కర్లేదు. ఈసారి నెయ్యి కల్తీ గురించి ఎవరూ మాట్లాడాల్సిన పని ఉండదు. అయితే ఇందులో రిస్కు కూడా ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పో, పొయ్యి దగ్గర నిలబడలేని ఇబ్బందో ఉంటే ఇది కొత్త చాకిరీ అనిపిస్తుంది. ముందు అడగండి. వద్దంటే వదిలేయండి.

ఆమె కోసం పట్టీలో తీపి కానిది ఒకటి చేర్చండి. "షుగర్ ఫ్రీ పూతరేకులు" మాత్రం కొనకండి. పంచదార లేకపోయినా రేకు అంతా బియ్యమే, మీద నెయ్యి. బెల్లంవి షుగరుకు మంచివన్నది కూడా ఉత్తమాటే. ఆమెకు కాఫీ అలవాటుంటే అరకు అరబికా గింజలు పావుకిలో ఫిల్టరుకు తగ్గట్టు పొడి కొట్టించి తెప్పించండి. చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) లేకుండా. అరకు అరబికాకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. పై గిన్నెలో 20 గ్రాముల పొడి వేసి తేలిగ్గా అదిమి, మరిగి ఒక నిమిషం ఆగిన నీళ్లు 150 మిల్లీలీటర్లు పోసి పావుగంట వదిలేయండి. చికోరీ లేని కాఫీ డికాక్షన్ పలచగా కనిపిస్తుంది, రంగు చూసి పొడి ఇంకా వేయకండి, చేదెక్కుతుంది. పొడి చేయించిన రెండు మూడు వారాల్లో అయిపోయేలా కొద్దికొద్దిగానే తెప్పించండి. పంచదార లేకుండా తాగేవారికి మంచి గింజకూ మామూలు గింజకూ తేడా బాగా తెలుస్తుంది.

ఆఫీసు కానుకల సంగతి వేరు. అక్కడ నిరుడు మీ పరువు దెబ్బతిన్నది కాబట్టి ఈసారి పెద్ద పెట్టెతో సరిచేయాలనిపిస్తుంది. 12 మందికి అరకిలో చొప్పున కలగలుపు మిఠాయి ఇస్తే, కిలో 700 అనుకున్నా 4,200 అవుతుంది. ఆ పెట్టెలు చాలావరకు ఇంకొకరి ఇంటికి చేరతాయని మీకూ తెలుసు. అదే ఒకే రకం, మంచిది, పావుకిలో ఇస్తే? కిలో 1,200 జీడిపప్పు మిఠాయి అయినా మనిషికి 300, మొత్తం 3,600. ఇల్లు చేరే లోపే అయిపోతుంది.

కొనేటప్పుడు మూడు చూసుకోండి. పెట్టెతో కలిపి తూచనివ్వకండి. ఖాళీ పెట్టె 100 గ్రాములుంటే కిలో 1,200 సరుకులో 120 రూపాయలు అట్టకు ఇస్తున్నారు. విడిగా అమ్మే మిఠాయికి కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నియమం ఉంది, ట్రే ముందు చీటీ లేకపోతే అడగండి. వెండి రేకును వేళ్ల మధ్య నలపండి. వెండి కనబడకుండా కలిసిపోతుంది, అల్యూమినియం అయితే మెరిసే చిన్న ఉండల్లా మిగులుతుంది. పావుకిలో పెట్టెలు 12 కట్టించాలంటే పండగ ముందు రోజు వెళ్లొద్దు, ఆ రోజు పెట్టెలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు తూకం అడిగే ఓపిక కూడా ఉండదు.

దూరపు బంధువులకు పార్సిల్లో పంపాలంటే పూతరేకుల జోలికి పోకండి. బందరు తొక్కుడు లడ్డు పంపండి. అది కింద పడేసినా ఏమీ కాదు.

జీడిపప్పు మాట. దుకాణంలో డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని చీటీలుంటాయి. ఆ అంకె పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. పావుకిలో డబ్ల్యూ 180లో వంద లోపు పప్పులుంటాయి, డబ్ల్యూ 320లో 170 దాకా. రుచిలో తేడా అంకెతో రాదు. పచ్చిదనం, వేయించిన తీరు, ఎన్నాళ్లు నిల్వ ఉందన్నదాంతో వస్తుంది. కాబట్టి పొడి కొట్టే మిఠాయికి, పూతరేకుల్లో తరుగుకి పెద్ద పప్పు వాడటం దండగ. ముక్క సరుకు కొనండి, ధర బాగా తక్కువ. డబ్ల్యూ 180 ఒక్క పావుకిలో తెచ్చి, నేతిలో దోరగా వేయించి, ఉప్పు మిరియాల పొడి చల్లి, పండగ సాయంత్రం పళ్లెంలో పోసి మీరు నలుగురూ కూర్చుని తినండి. అత్తగారు కూడా గుప్పెడు తినవచ్చు. పలాస సరుకు తాజాగా దొరికితే మరీ మంచిది. మిగిలితే గాలి చొరబడని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, మూత మీద కొన్న తేదీ రాయండి. అటక మీద వద్దు.

ఇక బోనసు. మీ ముందు కనిపిస్తున్న దారులు మూడు.

ఆయన అన్నట్టు మొత్తం చిట్టీలో వేయడం మొదటిది. (చిట్టీ రిజిస్టరైనదేనా? అది మాత్రం తప్పక చూసుకోండి.) డబ్బు భద్రంగా ఉంటుంది, ఇంట్లో మాట రాదు. కానీ మీరు ఇప్పటికే 1,800 దాచి ఖర్చు పెట్టారు. వచ్చే ఏడు అది ఇంకొంచెం పెరుగుతుంది. అకౌంట్స్ చూసే మనిషికి లెక్కలో రాయని ఖర్చు ఎంత చిరాకో వేరే చెప్పాలా?

"నా డబ్బు, నా ఇష్టం" అని మొత్తం ఖర్చు పెట్టేయడం రెండోది. హక్కు మీకుంది. కానీ పండగ నాడు ప్రతి వస్తువు మీదా ధర చీటీ కనబడుతూనే ఉంటుంది. ఒక్క పెట్టె తేడా వచ్చినా నిరుటి కథ మళ్లీ మొదలు.

ముందే విడగొట్టి చెప్పడం మూడోది. మీ పట్టీలో మూడు కోరికలు కలిసిపోయాయి: ఆఫీసు ముందు పరువు, ఇంట్లో పండగ, మీకంటూ ఒకటి. మూడూ ఒకే పద్దు కింద ఉన్నంతకాలం ఆయనకు అది "నలభై వేల తిండి ఖర్చు" లాగే కనిపిస్తుంది. విడగొడితే ఇలా ఉండొచ్చు: చిట్టీకి 22,000. కానుకలకు 5,000, అంటే ఆఫీసుకు 3,600, నాలుగు ఇళ్లకు 350 చొప్పున 1,400. ఇంట్లో పండక్కి 4,000. మీకు 9,000, దానికి లెక్క అడగకూడదు. అంకెలు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. చివరి పద్దు దగ్గరే బేరం మొదలవుతుంది. అప్పుడు దాన్ని తగ్గించడానికి ఒప్పుకోవచ్చు, కానీ "ఇంటి ఖర్చులో కలిపేద్దాం" అంటే ఒప్పుకోకండి, కలిస్తే అది కరిగిపోతుంది. ఆయనకు కూడా అలాంటి పద్దు ఒకటి ఉంటే బాగుంటుందేమో అడిగి చూడండి. పొదుపు మనుషులు చాలామందికి తమకోసం ఏం కొనుక్కోవాలో కూడా మరపుకొచ్చి ఉంటుంది.

ఆ 9,000తో చీర వస్తుందా? ఉప్పాడ జాందానీలో బుటాను యంత్రం నేయదు. ప్రతి బుటా దగ్గరా విడి పోగుని చేత్తో ఇమిడ్చి నేస్తారు, ఇద్దరు కూర్చుని నేసినా వారాలు పడుతుంది. కాబట్టి ఈ ధరకు ఒళ్లంతా నిండుగా బుటాలున్న పట్టుచీర చూపిస్తే తిప్పి చూడండి. అసలు జాందానీకి ముందూ వెనకా బుటా దాదాపు ఒకేలా ఉంటుంది. వెనకవైపు కత్తిరించిన పోగులు కుచ్చులుగా కనబడితే అది పవర్‌లూమ్. సిల్క్ మార్క్ చీటీ పట్టు అసలుదని చెబుతుంది, చేనేత అని చెప్పదు. చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంటుంది, రెండూ అడగండి. కొంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి కాల్చి చూపించమంటే మంచి దుకాణంవాళ్లు కాదనరు. పట్టు వెంట్రుక కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఆ డబ్బుకు మీకు మూడు రకాలుగా వీలవుతుంది. అక్కడక్కడ చిన్న బుటాలున్న జాందానీ దొరికితే తీసుకోవడం. జాందానీ మీద మనసు వదులుకుని అదే డబ్బుకు మంచి గద్వాల నూలు చీర, పట్టు అంచు కొంగులతో, తీసుకోవడం. లేదా ఈ 9,000 పక్కన పెట్టి వచ్చే బోనసుతో కలిపి నిండు జాందానీ కొనడం. మూడోది ఎంచుకుంటే ఆ డబ్బు మీ పేరున విడిగా వేసుకోండి, చిట్టీలో కాదు.

ఈ పండక్కే కట్టుకోవాలనుకుంటే చీర మూడు వారాల ముందే తెచ్చుకోండి. దీపావళికి పది రోజులుందనగానే జాకెట్లు కుట్టేవాళ్లు కొత్తవి పట్టుకోరు, ఫాల్ కుట్టడానికే వారం చెబుతారు.